సాగు సందేహాలు: మాట ఏ పార్టీది, డబ్బు ఎవరి ఖాతాకి?

ఈసారి గోదావరి డెల్టా నుంచి వచ్చిన ఉత్తరాల్లో పంట తెగుళ్ల కంటే పార్టీల వాదనల గురించే ఎక్కువ ఉన్నాయి. రైతుకు ఎవరు ఎక్కువ చేశారన్న ప్రశ్నకు రెండు కొలతలతో జవాబులు ఇస్తున్నాం. ప్రకటించిన సొమ్ము ఎన్ని బస్తాల వడ్లకు సమానం? అది దుక్కి దున్నినవాడి చేతికి వస్తుందా, పట్టా ఉన్నవాడి ఖాతాలో పడుతుందా?

ప్రశ్న: మా ఊళ్లో రోజూ ఇదే గొడవ. ఒకరు పదమూడున్నర వేలు ఠంచనుగా వేశామంటారు. ఇంకొకరు ఇరవై వేలు ఇస్తున్నది మేమే అంటారు. నిజంగా ఎవరు ఎక్కువ ఇచ్చినట్టు?
— ఒక పాఠకుడు, అత్తిలి

జవాబు: ముందు కేంద్రం డబ్బు పక్కన పెట్టండి. పీఎం కిసాన్ కింద ఏటా వచ్చే 6,000 రూపాయలు రాష్ట్రంలో ఎవరు గద్దె మీద ఉన్నా వస్తాయి. దాన్ని రెండు పార్టీలూ తమ పథకంలో కలిపే చెప్పుకున్నాయి.

వైఎస్సార్‌సీపీ 2019 ఎన్నికల ముందు ఏటా 12,500 చొప్పున నాలుగేళ్లలో 50,000 ఇస్తామంది. 2019 అక్టోబరు 15న రైతు భరోసా మొదలైనప్పుడు దాన్ని ఏటా 13,500, ఐదేళ్లు అని మార్చింది. అందులో రాష్ట్రం వాటా 7,500. తెలుగుదేశం 2024లో సూపర్ సిక్స్ హామీల్లో 20,000 అంది. అన్నదాత సుఖీభవ పేరుతో రాష్ట్రం ఇచ్చేది 5,000, 5,000, 4,000 చొప్పున మూడు విడతల్లో 14,000. రాష్ట్రం వాటా వరకు చూస్తే ఇప్పటిదే పెద్ద మొత్తం, అందులో సందేహం లేదు. కాని మొదటి విడత 2025 ఆగస్టు 2న దర్శిలో మొదలైంది, 2024-25లో రాష్ట్రం వాటా పడలేదు. 2024 డిసెంబరు 13న వైఎస్సార్‌సీపీ కలెక్టరేట్లకు ర్యాలీలు తీసి అడిగిన వాటిలో ఇదొకటి. ఆ ఏడాది సొమ్ము తరువాతైనా ఇస్తే తప్ప ఐదేళ్లకు లక్ష అని లెక్క వేసుకున్న రైతుకు, ఆ ఏడాది పీఎం కిసాన్ 6,000తో కలిపి, చేరేది 86,000. అవతల 13,500 చొప్పున ఐదేళ్లకు 67,500.

ఇప్పుడు బస్తాల్లో చూడండి. 2019-20లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 1,815, అంటే 75 కిలోల బస్తా 1,361. ఆ రోజు 13,500 అంటే దాదాపు పది బస్తాలు. 2025-26లో మద్దతు ధర 2,369, బస్తా 1,777. ఆ ధరకు 20,000 అంటే పదకొండుంబావు బస్తాలు. అంకె ఆరున్నర వేలు పెరిగినా బస్తాల్లో పెరిగింది ఒకటింబావు. పైగా ఇది ఎకరానికి కాదు, కుటుంబానికి. అరెకరం ఉన్నా, ఎనిమిదెకరాలున్నా అంతే.

మీ ఊళ్లో అర్హత ఉండీ డబ్బు పడనివాళ్లుంటే కారణం ఎక్కువగా వీటిలో ఒకటి: ఆధార్‌తో బ్యాంకు ఖాతా జతకాకపోవడం (ఎన్‌పీసీఐ మ్యాపింగ్), ఈకేవైసీ చేయకపోవడం, వెబ్‌ల్యాండ్‌లో (ఆన్‌లైన్ భూమి రికార్డులో) చనిపోయిన తండ్రి పేరే ఉండిపోవడం, ఇంట్లో ఎవరో ఒకరు ఆదాయపన్ను కట్టడం. మూడోదే డెల్టాలో ఎక్కువ. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని ముటేషన్ (రికార్డులో పేరు మార్పు) వదిలేస్తారు. పథకం వెబ్‌సైటులో ఆధార్ నంబరుతో స్థితి చూసుకుని, కారణం ఏదని చూపిస్తుందో అది రాసుకుని రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. ఉత్త చేతులతో వెళ్తే పని జరగదు. ఇంకో సంగతి, పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి మీ పేరున ఉండాలి. వారసత్వంగా వచ్చిందైతే మినహాయింపు ఉంటుంది, తరువాత కొన్నదైతే ఉండదు.

ప్రశ్న: నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాను. యజమాని హైదరాబాదులో ఉంటారు. సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కుల) కార్డుకు సంతకం పెట్టమంటే 'నీ మక్తా (కౌలు) నువ్వు ఇయ్యి, ఆ కాగితాలు నాకొద్దు' అంటున్నారు. ఏ పార్టీ వచ్చినా మాకు ఇంతేనా?
— ఒక కౌలు రైతు, ఇరగవరం మండలం

జవాబు: డెల్టాలో అసలు ప్రశ్న మీదే. పొలంలో దిగేది ఎక్కువగా కౌలుదారులు, పథకాలు మాత్రం పట్టా చుట్టూ తిరుగుతాయి.

చట్టాల చరిత్ర కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే చిక్కుముడి అక్కడే పడింది. 1956 కౌలుదారీ చట్టం కౌలుదారుకు గట్టి రక్షణ ఇచ్చింది. కౌలుకిస్తే పొలం చేజారుతుందన్న భయం యజమానుల్లో అప్పటి నుంచి పాతుకుపోయి, కౌలు అంతా నోటిమాట మీదకి వెళ్లింది. 2011లో కాంగ్రెస్ ప్రభుత్వం తెచ్చిన భూఅధీకృత సాగుదారుల చట్టంలో యజమాని సంతకం అక్కర్లేదు. రెవెన్యూవాళ్లు గ్రామంలో విచారించి ఏడాదికి పనికొచ్చే రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. బ్యాంకులు ఆ కార్డుకు అప్పు ఇవ్వడానికి వెనకాడాయి, ఎందుకంటే అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉండేవాడు. 2019లో వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం దాన్ని తీసేసి పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, యజమాని సంతకం తప్పనిసరి. కౌలు రైతు సంఘాలు మొదటి రోజు నుంచీ ఈ సంతకం షరతునే ప్రశ్నిస్తున్నాయి. మా అభిప్రాయమూ అదే. పొలంలో ఎవరున్నారో ఊరందరికీ తెలుసు, దానికి హైదరాబాదు నుంచి సంతకం రావాలనడం అన్యాయం. తెలుగుదేశం, జనసేన 2024 ఉమ్మడి మేనిఫెస్టోలో కౌలు రైతులకు గుర్తింపు కార్డులు, సంక్షేమ పథకాలు అన్నారు. చట్టంలో సంతకం షరతు తీసేయకుండా ఆ మాట నిలబడదు.

ఇంకో వివక్ష కూడా నడిచింది. రైతు భరోసా భూమిలేని కౌలు రైతుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు మాత్రమే వర్తించింది. పూర్తి 13,500 రాష్ట్రమే ఇచ్చింది, అది మంచి పనే. ఓసీ కౌలు రైతులకు రాలేదు. పీఎం కిసాన్‌లో కౌలుదారులకు అసలు చోటే లేదు.

ఇక మీరు చేయగలిగింది. యజమానిని అడిగే సమయం ముఖ్యం. సార్వా (ఖరీఫ్) మధ్యలో అడిగితే ఎవరూ ఒప్పుకోరు. మక్తా లెక్క తేల్చి, వచ్చే ఏడాదికి మాట్లాడుకునేటప్పుడు, ఏప్రిల్, మే నెలల్లో అడగండి. ఒప్పంద పత్రం ఆయనకు చదివి వినిపించండి. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, పదకొండు నెలల గడువు తప్ప యాజమాన్యం ఊసు ఉండదు. ఈ కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. చాలామంది యజమానుల అసలు బెంగ వేరే: ఆ పొలం మీద తమ పేరున పంట రుణం ఉంటుంది, సుఖీభవ డబ్బు తమ ఖాతాలో పడుతుంది, ఈ రెండూ పోతాయనుకుంటారు. కార్డు ఇచ్చినంత మాత్రాన పీఎం కిసాన్ ఆగదని చెప్పండి. రుణం విషయంలో మాత్రం ఆయన భయం నిజమే. ఒకే సర్వే నంబరు మీద ఇద్దరికి బ్యాంకు అప్పు ఇవ్వదు. అందుకని 'నేను బ్యాంకుకు వెళ్లను, ధాన్యం అమ్మకానికీ నష్టపరిహారానికీ మాత్రమే కార్డు వాడతాను' అని ముందే మాట ఇస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

ఒప్పుకోకపోతే రెండు దారులున్నాయి. మొదటిది, ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదు. పైరు నిలబడి ఉన్నప్పుడే వ్యవసాయ సహాయకుణ్ణి పొలం గట్టు మీదకు తీసుకెళ్లి సాగుదారు గడిలో మీ పేరు, మీ ఫోన్ నంబరు పెట్టమని గట్టిగా అడగండి. రసీదు తీసుకోండి. తరువాత సామాజిక తనిఖీకి జాబితా అతికించినప్పుడు వెళ్లి చూడండి. అక్కడ అభ్యంతరం చెప్పకపోతే ఆ తరువాత మార్చరు. రెండోది, నలుగురి నుంచి పదిమంది వరకు కౌలు రైతులు జట్టుకట్టి జేఎల్‌జీగా (ఉమ్మడి బాధ్యత బృందంగా) సొసైటీలోనో బ్యాంకులోనో అప్పు తీసుకోవడం. దానికి తాకట్టు అక్కర్లేదు, జట్టులో ఒకరు ఎగ్గొడితే అందరికీ దెబ్బ.

ధాన్యం డబ్బు యజమాని ఖాతాకి వెళ్లేలా మాత్రం ఒప్పుకోవద్దు. ఆయన పాత బకాయి కింద బ్యాంకు జమ వేసుకుంటే మీ పంట డబ్బు మీరు మళ్లీ చూడరు.

ప్రశ్న: ధాన్యం కొనుగోలు మీద ప్రభుత్వం 'గంటల్లో డబ్బు వేశాం' అంటుంది. ప్రతిపక్షం 'మద్దతు ధరే రాలేదు' అంటుంది. రెండూ ఎలా నిజమవుతాయి?
— ఒక పాఠకురాలు, మండపేట

జవాబు: రెండూ నిజం కావచ్చు. ధర కాగితం మీద తగ్గదు, తూకం దగ్గర తగ్గుతుంది. కొన్న ప్రతి క్వింటాలుకూ మద్దతు ధర (2025-26లో 2,369) మీ ఖాతాలో పడుతుంది. ఎన్ని క్వింటాళ్లు కొన్నట్టు రాశారన్నది మిల్లు దగ్గర తేలుతుంది. ఆ తరుగు ఏ రికార్డులోనూ కనపడదు, అందుకే దాన్ని అంకెతో చూపించడం ఏ పక్షానికైనా కష్టం.

తేమ లెక్క ప్రతి రైతుకూ కంఠతా రావాలి. నిబంధన ప్రకారం 17 శాతం వరకు తేమకు తరుగు లేదు. 20 శాతం తేమ ఉన్న 75 కిలోల వడ్లు 17 శాతానికి ఎండితే 72.3 కిలోలు అవుతాయి, అంటే 2.7 కిలోలు తగ్గుతాయి. 22 శాతం నుంచి ఎండితే 70.5 కిలోలు, తగ్గేది నాలుగున్నర. తేమ ఒక శాతం పెరిగితే క్వింటాలుకు 1.2 కిలోలని గుర్తుంచుకోండి. మిల్లరు ఇంతకు మించి కోస్తే అది తేమ పేరుతో చేసే దోపిడీ.

17 శాతం లోపు ఉన్న వడ్లకు కూడా బస్తాకు మూడు కిలోలు కోశారనుకుందాం. ఎకరానికి 28 బస్తాలు పండితే 84 కిలోలు, డబ్బులో 1,990 రూపాయలు. ఐదెకరాలకు 9,950. సుఖీభవలో రాష్ట్రం రెండు విడతల్లో వేసిన 10,000 మిల్లు కాటా దగ్గర తిరిగి వెళ్లిపోయినట్టే.

దీన్ని ఆపేది కళ్లంలో చేసే పనే. మిషనుతో కోసిన వడ్లు తేమగా ఉంటాయి, ఒక్కరోజు ఎండతో దిగవు. బరకం మీద రెండు అంగుళాలకు మించకుండా పల్చగా పరిచి గంటకోసారి తిరగేయండి. ఎండలో కాలిన గింజ మీద మీటరు సరిగా చూపదు. నీడలో కుప్ప చేసి చల్లారాక కొలిపించండి. కుప్ప పైనుంచి కాకుండా పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల నమూనా తీయించండి. తేమ ఒక్కటే కాదు: మట్టి, రాళ్లు 1 శాతం, తాలు, గడ్డి లాంటి చెత్త 1 శాతం, పచ్చిగింజ, ముడుచుకున్న గింజ 3 శాతం, రంగుమారినవి, మొలకెత్తినవి, పాడైనవి అన్నీ కలిపి 5 శాతం దాటకూడదు. తుపాను తరువాత కోసిన స్వర్ణ రకం వరిలో చివరిది దాటుతుంది. అప్పుడు మీ ఒక్కరి పోరాటం సరిపోదు, ప్రభుత్వం కేంద్రం నుంచి సడలింపు తేవాలి. మీ ఎమ్మెల్యేను నిలదీయాల్సింది ఆ రోజున.

రైతు సేవా కేంద్రంలో కొలిచిన తేమ శాతం చీటీ మీద రాయించి ఫోటో తీసుకోండి. లారీ కదిలేముందు ట్రక్ షీటులో బస్తాల సంఖ్య, బరువు సరిచూసుకోండి. మిల్లు దగ్గర వేరే అంకె చెబితే అక్కడే ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. ఎఫ్‌టీవో (డబ్బు జమ ఆదేశం) వచ్చాక ఆ బరువును కదిలించడం చాలా కష్టం. గోనె సంచులు, హమాలీ, రవాణా ఖర్చు మీరే పెట్టుకుని ఉంటే ఆ సొమ్ము విడిగా రావాలి. చాలామంది అది అడగనే అడగరు.

ప్రశ్న: ఉచిత పంటల బీమా తీసేసి రైతు మీద ప్రీమియం వేయడం మోసం కాదా?
— ఒక పాఠకుడు, ఆచంట

జవాబు: 2019 నుంచి రైతు వాటా కూడా రాష్ట్రమే కట్టింది. ఈ-పంటలో ఉంటే చాలు, కౌలు రైతు కూడా పైసా కట్టకుండా బీమాలోకి వచ్చేవాడు. అది నిజమైన మేలు. కాని మధ్యలో రాష్ట్రం కేంద్ర ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చి 2022లో మళ్లీ చేరింది. బయట ఉన్న కాలంలో పరిహారం పూర్తిగా ఖజానా మీదే ఆధారపడింది. 2024-25 రబీ నుంచి రైతు తన వాటా కట్టాలి: సార్వాకు బీమా మొత్తంలో 2 శాతం, దాళ్వాకు (రబీకి) ఒకటిన్నర. కట్టినవాళ్లకు కంపెనీని అడిగే హక్కు ఉంటుంది, కట్టనివాళ్లకు ఏమీ ఉండదు. డబ్బులేని కౌలు రైతే ముందు వదిలేస్తాడు కాబట్టి, కనీసం సీసీఆర్‌సీ ఉన్నవాళ్ల వాటా రాష్ట్రం కట్టాలన్నది మా మాట.

మీ పొలం మునిగినా ఊరి సగటు దిగుబడి పడిపోకపోతే పరిహారం రాదు. వరికి గ్రామమే యూనిట్. వరిలో మునకను స్థానిక విపత్తుల జాబితా నుంచి కేంద్రం 2018లో తీసేసింది, డెల్టాకు అది పెద్ద దెబ్బ. 2026 ఖరీఫ్ నుంచి మళ్లీ చేరుస్తామని 2025 నవంబరులో ప్రకటించింది. అప్పుడు కూడా 72 గంటల్లోపు ఫోటోలతో సమాచారం ఇస్తేనే. రాష్ట్ర నోటిఫికేషన్‌లో ఆ అంశం ఉందో లేదో ప్రీమియం కట్టే ముందు అడగండి. కోసి పనల మీద ఉన్న పంట తుపానుకు తడిస్తే 14 రోజుల వరకు కవర్ ఉండేది మరొకటి, అదీ నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఇన్‌పుట్ సబ్సిడీ దీనికి సంబంధం లేనిది. 33 శాతం పైగా నష్టపోయినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చేది.

ప్రశ్న: మా కోనసీమలో 2011లో క్రాప్ హాలిడే అన్నాం. 2022లో మళ్లీ అన్నాం. మధ్యలో మూడు పార్టీలు మారాయి. మా చేలో నీళ్లు మాత్రం అలాగే నిలబడుతున్నాయి.
— ఒక పాఠకుడు, అల్లవరం మండలం

జవాబు: 2011లో కాంగ్రెస్ ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీకి రైతులు చెప్పిన గోడు, 2022లో మళ్లీ చెప్పిన గోడు దగ్గర దగ్గరగా ఒకటే: గిట్టని ధర, ఆలస్యమైన డబ్బు, మురుగు కాలువలు. ధర మీద పార్టీలు కొట్లాడుకుంటాయి. మురుగు కాలువ మీద ఎవరూ కొట్లాడరు, ఎందుకంటే దానికి లబ్ధిదారుల జాబితా ఉండదు, ఎవరి ఖాతాలోనూ మీట నొక్కి వేసేది కాదు. మాకు బాధ కలిగించేది ఇదే. కోనసీమ రైతుకు ఇరవై వేల కంటే ఒక్క డ్రెయిను బాగుపడటం ఎక్కువ విలువైనది.

మీ చేలో నీళ్లు ఎందుకు దిగవో చూద్దాం. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు డ్రెయిను మొగ దగ్గర నీరు వెనక్కి తంతుంది. పాటు సమయంలో (సముద్రం వెనక్కి తగ్గినప్పుడు) దొరికే కొన్ని గంటల్లోనే మురుగంతా వెళ్లాలి. స్లూయిజ్ తలుపులు తుప్పుపట్టి మూసుకోకపోతే ఉప్పునీరు లోపలికి వస్తుంది. గుర్రపుడెక్క, పూడిక కలిసి కాలువను సగం చేస్తే ఆ కొన్ని గంటలు సరిపోవు. చేపల చెరువుల గట్లు పాత బోదెలను (చిన్న కాలువలను) మింగేస్తే చేలో నీరు డ్రెయిను దాకా కూడా చేరదు. స్వర్ణ లాంటి 145, 150 రోజుల రకం జూన్ రెండో వారంలో ఆకుమడి పోస్తే నవంబరు మొదట్లో కోతకు వస్తుంది. ముంపుకు నారు పోయి జూలైలో మళ్లీ పోస్తే కోత నవంబరు చివరికి, తుపాన్ల నోట్లోకి వెళుతుంది. క్రాప్ హాలిడే అన్నమాట అక్కడే పుడుతుంది.

పూడిక పని కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లోనే జరగాలి. జూన్‌లో టెండరు పిలిస్తే గుర్రపుడెక్క పైపైన లాగి బిల్లు పెడతారు. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాలకు చాలా ఏళ్ల తరువాత 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. ఆ ఎన్నికల్లో పార్టీ గొడవలు ఎన్ని ఉన్నా, సంఘం ఉన్నది ఉన్నట్టే. ఫిబ్రవరిలోనే సంఘం చేత తీర్మానం చేయించండి. డ్రెయిను పేరు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఎన్ని తూములు, ఏ స్లూయిజ్ తలుపు పనిచేయదో రాసి డ్రెయిన్ల విభాగం డీఈకి ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. 'మురుగు తీయండి' అని ఉత్తినే రాసిన అర్జీకి అంచనా తయారు కాదు.

ప్రశ్న: స్వామినాథన్ కమిషన్ చెప్పిన యాభై శాతం లాభం ఇచ్చేశామని బీజేపీ అంటుంది, కమ్యూనిస్టులు అబద్ధమంటారు.
— ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: తేడా ఖర్చు లెక్కలో ఉంది. 2025-26కు కేంద్రం చేతి ఖర్చులు, కుటుంబం చేసిన కష్టం కలిపి క్వింటాలు వడ్లకు 1,579 అని, దానికి సగం కలిపి 2,369 ఇచ్చింది. వామపక్షాలు, రైతు సంఘాలు అడిగేది సీ2 ఖర్చు మీద యాభై శాతం. సొంత భూమికి కౌలు విలువ, సొంత పెట్టుబడికి వడ్డీ అందులో చేరతాయి, ధర చాలా పెరుగుతుంది. కౌలు రైతు కట్టే మక్తా కేంద్రం లెక్కలోనూ ఉంటుంది. అయితే అది దేశమంతటి సగటులో కలిసి కరిగిపోతుంది. సొంత భూమి రైతులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలతో కలిపి తీసిన సగటులో డెల్టా మక్తా బరువు కనపడదు. ఇరగవరం కౌలు రైతుకు 1,579కి వడ్లు పండవు.

ప్రశ్న: మా నాన్నగారి పేరున 2014 రుణమాఫీ పత్రం ఉంది. నాలుగు, ఐదు విడతలు ఇప్పుడు వస్తాయా?
— ఒక పాఠకుడు, పెనుగొండ

జవాబు: 2014లో తెలుగుదేశం ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర వరకు మాఫీ అంది. యాభై వేల లోపు ఒకేసారి, మిగతాది పది శాతం వడ్డీతో ఐదు విడతల్లో అన్నారు. చివరి రెండు విడతలు 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయాయి. ఇవ్వకుండా ఎన్నికలకు వెళ్లింది తెలుగుదేశమని వైఎస్సార్‌సీపీ, రద్దు చేసింది వైఎస్సార్‌సీపీ అని తెలుగుదేశం అంటాయి. ఆ పత్రం చూపి బ్యాంకులో వాయిదా కట్టకుండా ఉండకండి. మాఫీ కాని మొత్తం మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. బ్యాంకు నుంచి ఖాతా వివరం రాతపూర్వకంగా తీసుకుని, ఒకేసారి పరిష్కారం పథకం ఎప్పుడు ఉంటుందో మేనేజరును అడగండి. అసలు తేలాక కొత్త పంట రుణం మీ పేరున రాయించుకోండి. రెండు లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2025 జనవరి నుంచి అమల్లో ఉంది.